గోడ ఏ రకమో తెలిశాకే డ్రిల్లు పట్టాలి

బాత్‌రూమ్‌లో గీజర్ ఊడిపడితే మొదట తిట్లు తినేవి స్క్రూలు, ఆ తర్వాత ప్లంబర్. గోడను ఎవరూ ఏమీ అనరు. కానీ అలా ఊడిన స్క్రూలను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చాలావాటికి చిన్న వంకర కూడా ఉండదు. ప్లాస్టిక్ ప్లగ్గు ఒంటిమీద ఉండగానే, దాని చుట్టూ కాస్త పొడి అంటుకుని, బెజ్జంలోంచి అమాంతం జారి వచ్చేసి ఉంటాయి. స్క్రూకి ఏమీ కాలేదు, గోడే దాన్ని వదిలేసిందన్నమాట.

హైదరాబాద్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. పాతబస్తీ సందుల్లో రాయి, డంగు సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు ఇంకా ఉన్నాయి. ఎనభైల్లో, తొంభైల్లో వెలిసిన కాలనీల్లో ఎర్ర ఇటుక: బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి అడ్డుగోడ నాలుగున్నర. తర్వాత సిమెంటు దిమ్మెలు, ఫ్లైయాష్ ఇటుకలు వచ్చాయి. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ఎక్కడ చూసినా లైట్ వెయిట్ బ్లాకులే, అంటే ఏఏసీ. కోకాపేట, నార్సింగి వైపు లేచిన టవర్లు కొన్నింటిలో ఇటుక అన్నదే ఉండదు. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి గోడలన్నీ కాంక్రీటుతో పోసేస్తారు. మైవాన్ అంటారు దాన్ని.

వీటన్నిటి మీదా పైకి కనిపించేది అదే తెల్ల టైలు. ప్లంబర్ సంచీలో ఉండేది కూడా చాలావరకు ఒకటే బిట్టు, ఒకటే సైజు ప్లగ్గుల ప్యాకెట్టు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

దుమ్ము చూస్తే గోడ తెలుస్తుంది

టైలు వెనక ఏముందో తెలుసుకోవడానికి బిల్డర్ ఇచ్చిన బ్రోషర్ కన్నా డ్రిల్లు కింద రాలే దుమ్ము నమ్మకమైనది. ఒక తెల్ల కాగితాన్ని మడిచి, బెజ్జం పెట్టబోయే చోటికి బెత్తెడు కింద టేపుతో అతికించండి. ముందు టైలు పొడి పడుతుంది. ఆ తర్వాత టైలును అతికించిన సిమెంటు, బూడిద రంగులో, ఇసుక గరగరతో వస్తుంది. ఆ తర్వాత రంగు మారుతుంది చూడండి, అదే అసలు గోడ. ఎర్రగా పడితే ఇటుక. తెల్లగా సుద్దపొడిలా పడుతూ, నొక్కకుండానే బిట్టు లోపలికి వెళ్లిపోతుంటే ఏఏసీ. బూడిద రంగులో కాస్త గట్టిగా, అయినా నిలకడగా దిగుతుంటే సిమెంటు దిమ్మె గానీ ఫ్లైయాష్ ఇటుక గానీ. మెత్తని బూడిద పొడి కొంచెం కొంచెంగా రాలుతూ, మెషీన్ అరుస్తున్నా బిట్టు కదలనని మొండికేస్తే కాంక్రీటు. బిట్టు హఠాత్తుగా ఖాళీలోకి దూకినట్టయితే టైలు వెనక సిమెంటు సరిగా నింపలేదనో, దిమ్మె లోపల బోలుగా ఉందనో అర్థం. పొడి బదులు తడిసిన ముద్ద వస్తే మాత్రం డ్రిల్లు అక్కడే ఆపేయాలి. ఆ గోడలో ఎక్కడో నెమ్ము ఉంది, లేదా పైపు దగ్గర్లోనే ఉంది.

గోడ రకం తెలిస్తే పరికరాల ఎంపిక సగం అయిపోయినట్టే. ఎర్ర ఇటుకకు మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు, కార్బైడ్ మొన ఉన్న బిట్టు, మంచి నైలాన్ ప్లగ్గు సరిపోతాయి. ఇటుకల మధ్య సందులో కాకుండా ఇటుకలోనే బెజ్జం పడితే పట్టు బాగుంటుంది. కాంక్రీటుకు ఇంపాక్ట్ డ్రిల్లుతో కుస్తీ పట్టడం దండగ. వెనక నుంచి సుత్తి దెబ్బలా కొట్టే ఎస్‌డీఎస్ రోటరీ హ్యామర్ కావాలి. కాంక్రీటులో ఇనప యాంకర్ ఫాస్టనర్లు అద్భుతంగా పనిచేస్తాయి. నట్టు బిగించేకొద్దీ వాటి తొడుగు విచ్చుకుని చుట్టూ ఉన్న కాంక్రీటును ఒత్తుతుంది. కాంక్రీటు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది కాబట్టి బోల్టు బిగుసుకుంటుంది.

అదే ఫాస్టనర్‌ను ఏఏసీ గోడలో వేస్తే కథ తిరగబడుతుంది. ఏఏసీ అంటే లోపలంతా గాలి బుడగలే. దాని నలుగుడు బలం చదరపు మిల్లీమీటరుకు 3, 4 న్యూటన్ల దగ్గర ఉంటుంది. మామూలు ఎం25 కాంక్రీటుకు అది 25. తొడుగు విచ్చుకోగానే చుట్టూ ఉన్న బ్లాకు ఉస్మానియా బిస్కట్టులా పొడైపోతుంది. ‘ఇంకొంచెం బిగిద్దాం’ అని పానా తిప్పినకొద్దీ బెజ్జం పెద్దదవుతుంది. బలమైన బోల్టు వేశామన్న ధీమాయే అక్కడ కొంప ముంచుతుంది. ఏఏసీలో హ్యామర్ మోడ్ ఆపేసి, ఉత్త తిప్పుడుతోనే బెజ్జం పెట్టాలి. పెద్ద మరలున్న ఏఏసీ ప్లగ్గులు విడిగా దొరుకుతాయి. లేదంటే పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి. బరువు ఎక్కువైతే రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) పోసి బిగించే కెమికల్ యాంకర్ మేలు. గోడ అవతలి గది కూడా మనదే అయితే అన్నిటికన్నా నిశ్చింతైన పద్ధతి ఒకటుంది. గోడ గుండా బోల్టు దూర్చేసి, వెనకవైపు ఇనప పట్టీ వేసి నట్టు బిగించడం. చూడ్డానికి బాగోదంటారు, అల్మారా వెనకో తలుపు వెనకో వస్తే ఎవరికీ కనబడదు. ఈ సరుకంతా రాణిగంజ్‌లోనో ట్రూప్‌బజార్‌లోనో వెతకండి. వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో సాధారణంగా బూడిద రంగు ప్లగ్గులు తప్ప వేరేవి ఉండవు.

రాతి గోడల సంగతి వేరు. రాయి మహా గట్టి, దాని పక్కనే ఉన్న సున్నం మెత్తన. బిట్టు రాయి మీద జారి సున్నంలోకి పోతుంది. చిన్న బిట్టుతో మొదలుపెట్టి రాతిలోనే బెజ్జం తీయాలి. ఓపిక కావాలి, అంతే.

ప్లగ్గు పట్టు ఎక్కడ ఉంటుంది

మనం రావల్ ప్లగ్ అనో గిట్టీ అనో పిలిచే ఈ ముక్క చేసే పని చాలా చిన్నది. స్క్రూ లోపలికి దిగుతుంటే చీలి, వెడల్పై, బెజ్జం గోడలను ఒత్తడం. ఇప్పుడు మనం వాడే నైలాన్ రూపం జర్మనీకి చెందిన ఆర్తూర్ ఫిషర్ 1958లో తయారుచేసిన ప్లగ్గు నుంచి వచ్చింది. అది ఒత్తేది గట్టి గోడనైతేనే పట్టు. ఒత్తేది టైలునో ప్లాస్టరింగ్‌నో అయితే లేదు.

కొంచెం లెక్క వేద్దాం. టైలు మందం 8 మి.మీ. దాని వెనక అతికించిన సిమెంటు 15 మి.మీ. అనుకుందాం. మన మేస్త్రీలు గోడ వంకరను ఈ సిమెంటుతోనే సరిచేస్తారు కాబట్టి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. అంటే అసలు గోడ మొదలయ్యేదే 23 మి.మీ. తర్వాత. మీ ప్లగ్గు పొడవు 40 మి.మీ. అయితే ఇటుకలో ఉన్నది 17 మి.మీ. మాత్రమే. సగానికి పైగా టైల్లో, సిమెంటులో ఊరికే కూర్చుని ఉంది. పైగా ప్లగ్గు మూతి టైలు మట్టానికి ఉంటే స్క్రూ బిగించేటప్పుడు అది టైలునే తోస్తుంది. కొత్త టైలు మీద బెజ్జం నుంచి మూలకు పాకే సన్నటి పగులు చాలావరకు ఇలా వచ్చిందే. అందుకని టైలు ఉన్న గోడకు 60, 70 మి.మీ. పొడవున్న ప్లగ్గు, దానికి తగ్గ స్క్రూ తీసుకోవాలి. ప్లగ్గు మూతి టైలు దాటి అసలు గోడ దాకా వెళ్లేలా లోపలికి తోసేయాలి. బెజ్జం ప్లగ్గు చివర చేరే చోటు కన్నా 10 మి.మీ. లోతు ఎక్కువ ఉండాలి. అడుగున చేరే పొడికి చోటు కావాలి కదా. ఎంత లోతు దిగాలో బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే చాలు.

తర్వాత ఆ పొడి ఊదేయాలి. ఈ ఒక్క పని ఎవరూ చేయరు! బెజ్జంలో పొడి మిగిలితే ప్లగ్గు గోడను కాదు, పొడిని ఒత్తుతుంది. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది. సైకిల్ పంపో, ఫిల్టర్ కాఫీ మరక పట్టిన పాత స్ట్రానో ఏదైనా సరే, వాడండి.

బెజ్జం వదులైతే మనవాళ్ల దగ్గర తయారుగా ఉండే మందు అగ్గిపుల్లలు. రెండు పుల్లలు విరిచి దూర్చేసి, ప్లగ్గు కొట్టేసి ‘ఏం కాదు సార్, పదేళ్లు ఉంటది’ అంటారు. అద్దానికో సబ్బు పెట్టెకో అయితే ఉంటుంది కూడా. బాత్‌రూమ్ చెమ్మకు పుల్ల ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది, రోజూ ఇదే తంతు. గీజర్ కింద తలపెట్టి స్నానం చేసే చోట ఈ వైద్యం ఒప్పుకోవద్దు. ఆ బెజ్జాన్ని పూడ్చేసి పక్కన కొత్తది తీయమనండి, లేదా అందులోనే పెద్ద సైజు ప్లగ్గు పట్టేలా సరిగ్గా వెడల్పు చేయమనండి.

ఏది ఎంత లాగుతుంది

25 లీటర్ల గీజర్‌లో నీళ్లే 25 కిలోలు, ట్యాంకు మరో పది. మొత్తం 35 కిలోలు అనుకోండి. ఈ బరువు గోడకు 20 సెం.మీ. ముందు వేలాడుతోంది, పై బోల్టులకూ కింద గోడకు ఆనుకునే చోటుకూ మధ్య 30 సెం.మీ. ఉందనుకుంటే, పై రెండు బోల్టులనూ బయటికి లాగే బలం సుమారు 23 కిలోలు. ఒక్కోదానికి పన్నెండు. అది పెద్ద లెక్కేం కాదు. ఇటుకలో సరిగ్గా దిగిన ప్లగ్గు దీన్ని అవలీలగా మోస్తుంది. ఇంత తక్కువ బరువుకే గీజర్ ఊడిందంటే తప్పు స్క్రూ సైజుది కాదని, బెజ్జానిదేనని నేను గట్టిగా అనేది అందుకే.

నేలకు ఆనకుండా గోడలో దింపిన రెండు రాడ్ల మీద వేలాడే వాల్ హంగ్ కమోడ్ దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. వంద కిలోల మనిషి గోడకు అడుగు ముందుకు కూర్చుంటాడు. రాడ్లకూ, కమోడ్ కింది అంచు గోడకు ఆనే చోటుకూ మధ్య దూరం జానెడు. అంటే ఆ రెండు రాడ్లనూ బయటికి లాగే బలం స్థూలంగా నూటయాభై కిలోలు, మనిషి దభీమని కూర్చుంటే ఇంకా ఎక్కువ. యూరప్ ప్రమాణం ఈఎన్ 997 ప్రకారం ఈ కమోడ్లు 400 కిలోల బరువుకు తట్టుకోవాలి. పింగాణీ తట్టుకుంటుంది. మరి గోడ? నాలుగంగుళాల ఇటుక అడ్డుగోడకో, ఏఏసీకో రాడ్లు వేసి దీన్ని బిగించడం చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే. కాంక్రీటు గోడ కాకపోతే, నేలకు బోల్టులు వేసి నిలబెట్టే ఇనప ఫ్రేము తప్పనిసరి అని నా అభిప్రాయం. టైల్స్ వేయకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. తర్వాత అడిగితే గోడ పగలగొట్టాల్సిందే.

వాష్ బేసిన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దాని సొంత బరువు తక్కువే, కానీ పిల్లలు దాని మీద మోచేతులు ఆనించి వేలాడతారు.

కుళాయిలది ఇంకో తీరు. వాటిని స్క్రూలు పట్టుకోవు. గోడలో దాచిన ఇత్తడి మరల ఎల్బో (పైపు మలుపు ముక్క) పట్టుకుంటుంది. కుళాయి తిప్పినప్పుడల్లా ఊగుతోందంటే ఆ ఎల్బోను గోడకు క్లాంపు వేయకుండా సిమెంటు పూసి వదిలేశారని అర్థం. గుండ్రటి ఫ్లాంజ్ పెట్టి దాన్ని కప్పేస్తారు గానీ, ప్రతి ఊపుకూ లోపల సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) అతుకు మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే వాల్ మిక్సర్‌కు ఆ రెండు పైపుల పాయింట్ల మధ్య సరిగ్గా 150 మి.మీ. ఉండాలి. ఆ దూరం, ఆ రెండింటి మట్టం రసమట్టం పెట్టి చూశాకే సిమెంటు నింపమనాలి.

టైలుకు బెజ్జం

గోడకు వేసే మామూలు సిరామిక్ టైలు మెత్తనిది, అది నీటిని పదో వంతుకు పైగా పీల్చుకుంటుంది. విట్రిఫైడ్ టైలు పీల్చేది అర శాతం లోపే. అందుకే మొదటిదానికి బల్లెం మొన ఉన్న కార్బైడ్ బిట్టు చాలు. రెండోదానికి వజ్రపు పొడి అద్దిన బోలు బిట్టు కావాలి, అది వేడెక్కకుండా చుక్క చుక్కగా నీళ్లు పోస్తూ ఉండాలి. ఏ టైలైనా సరే, టైలు దాటేదాకా హ్యామర్ మోడ్ ఆన్ చేయకూడదు. బిట్టు జారకుండా మాస్కింగ్ టేపు అతికించి, నెమ్మదిగా మొదలుపెట్టాలి. టైలు అంచుకు మరీ దగ్గరగా పెడితే పగలడం ఖాయం. ముందు వేలి కణుపుతో టైలు అంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చే చోట బెజ్జం పెట్టొద్దు.

బాత్‌రూమ్ నేలకు మాత్రం దేనికోసమూ డ్రిల్లు పెట్టకండి. కింద వాటర్‌ప్రూఫింగ్ ఉంటుంది, దాని కింద పక్కవాళ్ల సీలింగ్ ఉంటుంది. ఫ్రేము కోసం నేలకు బోల్టులు వేయాల్సి వస్తే అవి వాటర్‌ప్రూఫింగ్ కన్నా ముందే పడాలి. గోడ మీద నీళ్లు పడే చోట ప్లగ్గు దూర్చే ముందు బెజ్జంలో కాస్త సిలికాన్ పిండితే నీరు లోపలికి దిగదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి టైలును లోపలి నుంచి చీలుస్తుంది.

గోడలో దాగినవి

వేడినీళ్ల పైపులు, చన్నీళ్ల పైపులు, గీజర్ కరెంటు వైరు, అన్నీ ఆ టైలు వెనకే ఉంటాయి. సాధారణ సూత్రం ఏమిటంటే ప్రతి కుళాయికీ, ప్రతి స్విచ్ బోర్డుకూ నేరుగా పైన, కింద, పక్కలకు జానెడు వెడల్పు పట్టీని అంటరానిదిగా చూడటం. పైపులు, వైర్లు నిలువుగానో అడ్డంగానో వెళ్తాయన్న నమ్మకం మీద నిలబడ్డ సూత్రం ఇది. మన ప్లంబర్లు దూరం కలిసొస్తుందని ఐమూలగా కూడా గాడి కొడతారు, అప్పుడు ఇది పనిచేయదు. ఇనుము కనిపెట్టే డిటెక్టర్లు సీపీవీసీ పైపును గుర్తించలేవు. అందుకే ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ అతికించే ముందు, పక్కన టేపు కొలత పట్టుకుని ప్రతి గోడకూ ఫోన్లో ఫొటో తీసుకోవడాన్ని మించిన డిటెక్టర్ లేదు. పాత ఇంటికి ఆ అవకాశం లేదు కాబట్టి అక్కడ లోతు మీదే జాగ్రత్త పడాలి.

డ్రిల్లు పెట్టే గది ఎంసీబీ ఆపేసి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోవాలి. ఇంట్లో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోవాలి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోవాలి. కాంక్రీటు, టైలు దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి స్టూలు ఎక్కి పనిచేయొద్దు.

గాడి కొట్టడానికీ హద్దుంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు, అడ్డ గాడి ఆరో వంతుకు మించకూడదన్నది నిర్మాణంలో పాటించే నియమం. నాలుగున్నర అంగుళాల గోడ, అంటే 115 మి.మీ. అయితే, నిలువుకు 38, అడ్డానికి 19. ముప్పావు అంగుళం పైపును అడ్డంగా పూర్తిగా దాచాలంటే ఈ హద్దు ఎలాగూ దాటుతుంది. కాబట్టి పైపును పైనో కిందో అడ్డంగా తిప్పి, గోడలో నిలువుగా దించడం మంచిది. మైవాన్ గోడలకు అసలు గాడి కొట్టకూడదు, ఆ గోడే భవనాన్ని మోస్తోంది. స్తంభాలకు, బీములకు పైపు పట్టేంత రంధ్రం తీయడం కూడా అంతే. స్తంభాల్లో చువ్వ పైన కాంక్రీటు కవర్ భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలుగా 40 మి.మీ. ఉంటుంది. బిట్టు చువ్వకు తగిలి గీర్‌మన్నదంటే ఆపి, పక్కకు జరగాలి. ఆఫీసు భవనాల్లో కాంక్రీటు పోసి గట్టిపడ్డాక లోపలి కేబుళ్లను లాగి బిగించే పోస్ట్ టెన్షన్డ్ స్లాబులు ఉంటాయి. డ్రాయింగ్ చూడకుండా వాటికి డ్రిల్లు పెడితే ప్రాణాల మీదికొస్తుంది.

డాబా మీద పైపులు

గోడల దగ్గర తప్పు పట్టు చాలకపోవడం. ఇక్కడ తప్పు దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరుగుతుంది: బిగింపు ఎక్కువ. పది మీటర్ల సీపీవీసీ పైపు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 సెం.మీ. సాగుతుంది. మే నెలలో మన డాబాల మీద తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పైపు వేడిలో అంత తేడా మామూలే. క్లాంపులు గట్టిగా బిగించేస్తే పైపు సాగే దారిలేక వంగి, ఎల్బో దగ్గర పగులుతుంది. క్లాంపులో పైపు జారేంత సందుండాలి. అంగుళం వరకు పైపులకు సుమారు మూడడుగులకో క్లాంపు వేయాలి. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారకుండా పైన పెయింటు వేయాలి.

పైపుకే తగిలితే

వాల్వు కట్టేయండి, కరెంటు ఆపండి, బిట్టును కాసేపు బయటికి లాగకండి. అది ఉన్నంతసేపు చిమ్మే నీళ్లు తక్కువ. అసలు ప్రమాదం వెంటనే చిమ్మిన నీళ్లది కాదు, అది కనబడుతుంది. స్క్రూ పైపును గుచ్చి, తానే బిరడాలా మూసేసుకుంటే ఆరు నెలలకో ఏడాదికో స్క్రూ తుప్పుపట్టాక కింది ఫ్లాటువాళ్ల సీలింగ్ మీద మరక తేలుతుంది. అప్పుడు ఎవరి పైపో తేలక అసోసియేషన్ మీటింగులు.

సీపీవీసీకి బెజ్జం పడితే పైన ఎం-సీల్ పూసి ఊరుకోవద్దు. టైలు, సిమెంటు రెండువైపులా పైపు కాస్త వంగేంత దూరం తీసి, దెబ్బతిన్న ముక్క కోసేసి, కప్లర్లతో కొత్త ముక్క అతికించాలి. సాల్వెంట్ సిమెంటు పూసేటప్పుడు పైపు పొడిగా ఉండాలి. పై నుంచి నీళ్లు చుక్కలు పడుతుంటే ఆ అతుకు నిలవదు, ముందు లైను ఖాళీ చేయండి. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, వాల్వు తెరిచి, కుళాయిలన్నీ కట్టేసి ఒక రోజంతా గోడ తెరిచే ఉంచాలి. అతుకు దగ్గర టిష్యూ కాగితం ఒత్తి చూస్తే సన్నటి చెమ్మ కూడా పట్టిస్తుంది. అది పొడిగా ఉంటేనే సిమెంటు నింపమనండి. అదే డిజైను టైలు ఇప్పుడు బజార్లో దొరక్కపోవచ్చు, గృహప్రవేశం నాడు అటకెక్కించిన మిగులు పెట్టెలో ఒకటో రెండో ఉన్నాయేమో చూసుకోండి.